ఉత్తుత్తి వంటింట్లో అత్తెసరు

అది గురువారం. పగలు పదకొండు గంటలు. అంత కచ్చితంగా ఎలా చెబుతున్నావని అడుగుతారేమో. అప్పట్లో నాకు గడియారం చూడటం రాదు, అక్షరం ముక్క అంతకన్నా రాదు. ఆసుపత్రి గేటు దగ్గర వేలాడదీసిన ఇనుప పట్టా మీద కావలివాడు గంట కొడుతుంటే వేళ్ళ మీద లెక్కపెట్టాను. పది వేళ్ళూ అయిపోయి ఒక దెబ్బ మిగిలింది. ఆ మిగిలిన దెబ్బ వినబడగానే నా కుడిచెయ్యి పడిపోయింది. నిజంగా పడిపోలేదు, పడిపోయినట్టు ఉండమని నాకు చెప్పారు. నేను ఒప్పుకున్నాను. ఇరవయ్యారేళ్ళ వయసులో మనిషి దేనికైనా ఒప్పుకుంటుంది.

ఆ రోజుల్లో జబ్బు నయమైతే చాలు, రోగి ఇంటికి పోయినట్టే అనుకునేవాళ్ళం. ఇంటికి పోయాక ఆ మనిషి చీర ఎలా కట్టుకుంటుంది, నీళ్ళు ఎలా తోడుకుంటుంది, నాలుగు మెతుకులు ఎలా ఉడకేసుకుంటుంది అని ఆలోచించడానికి కూడా ఒక చదువుంటుందని మా నెల్లూరు సముద్రం పక్క మనుషులకెవరికీ తెలియదు. నాకసలే తెలియదు. పంతొమ్మిది వందల అరవై దాటిన కొత్తల్లో, మా చర్చి పాస్టరుగారు సిఫారసు చేస్తే, అక్కడి మిషను ఆసుపత్రిలో నేను వంటమనిషిగా కుదిరాను. రెండు పూటలా నలభై మందికి అన్నం వార్చడం నా పని. అంత పెద్ద డేగిసాను మసిగుడ్డలతో పట్టుకుని ఒక్క మెతుకు జారకుండా గంజి వార్చేదాన్ని. (ఆ గర్వం నాకు బాగానే ఉండేది. దాని సంగతి ముందు ముందు చెబుతాను.)

అలాంటి చోటికి ఒకరోజు మద్రాసు నుంచి ఒక టీచరమ్మ అయిదుగురు ఆడపిల్లలను వెంటబెట్టుకుని దిగింది. వాళ్ళు మందులివ్వరు, సూదులు వెయ్యరు. పడిపోయిన కాళ్ళూ చేతులూ మళ్ళీ పనిలోకి వచ్చేలా చూస్తారట. మనిషి తన పని తాను చేసుకోగలదా లేదా అని పక్కన నిలబడి చూసి కాగితం మీద రాస్తారట. పనివైద్యం అన్నారు. నాకు మనసులో ఒకటి, బయట ఒకటి ఉండదు. ఉన్నమాట అడిగేశాను.

"ఒకరు వంట చేస్తావుంటే ఇంకొకరు చూసేదానికి చదువెందుకు టీచరమ్మా? మా అత్త ఏ బడికీ పోకుండానే రోజూ చూస్తాది."

టీచరమ్మ నవ్వింది. "మీ అత్త కూర ఎట్లా ఉందో చూస్తుంది. మా పిల్లలు కూర చూడకూడదు. చేసే తీరు చూడాలి. చెయ్యి ఎంత దూరం పోతోంది, ఒళ్ళు ఎటు ఒరుగుతోంది, దేని తర్వాత ఏది చేస్తోంది, నిప్పు దగ్గర జాగ్రత్తగా ఉందా లేదా, అవి చూడాలి."

కూర చూడకుండా వంటను తూకం వేయడమేమిటో నాకు ఆ రాత్రంతా అర్థం కాలేదు. అప్పటి నుంచి వాళ్ళ గది కిటికీ దగ్గర నాకేదో ఒక పని తగులుతూనే ఉండేది.

ఆసుపత్రిలో ఊతకర్రలు చేసిచ్చే వడ్రంగి సాయిబన్న చేత టీచరమ్మ వెనక వరండా గదిలో ఒక వంటిల్లు కట్టించింది. నడుమెత్తు చెక్కగట్టు, దాని మీద రేకు, రేకు మీద ఒత్తుల పొయ్యి. పక్కన ఒక చాకు, కింద నుంచి మేకులు పైకి పొడుచుకొచ్చిన పలక ఒకటి. ఒంటిచేతి మనుషులు కూరగాయను ఆ మేకులకు గుచ్చి, కదలకుండా తరుక్కోవాలట. సాయిబన్న వారం రోజులు కష్టపడి చేశాడు. గట్టుకు నున్నగా చిత్రిక పట్టి దాని మీద ఎవరినీ చెయ్యి కూడా పెట్టనిచ్చేవాడు కాదు. అందులో మనిషి తినే వంట ఏనాడూ జరగలేదు. నేను దానికి ఉత్తుత్తి వంటిల్లని పేరు పెట్టాను. ఆ పేరే ఖాయమైంది. టీచరమ్మ కూడా "రేపు పొద్దున ఉత్తుత్తి వంటింట్లో క్లాసు" అనేది.

ఆ క్లాసు ఏమిటంటే, ఒక పిల్ల చేతికి గుడ్డ కట్టుకుని రోగిలా నటిస్తుంది, మిగతా నలుగురూ చూసి రాస్తారు. రోగి మీద నేర్చుకోకూడదు, ముందు మన మీద మనం నేర్చుకోవాలి అనేది టీచరమ్మ మాట. మంచి మాటే. కానీ ఆ నటించే పిల్లలకు రెండు చేతులతోనే వంట రాదు. ఉర్లగడ్డ, అదే బంగాళాదుంప, ఒకటి మేకును తప్పించుకుని గదంతా దొర్లింది. దాని వెనక ఒంటిచేతి రోగి పరుగెత్తింది. కిటికీ దగ్గర నవ్వు ఆపుకోలేక గంటె కింద పడేశాను.

ఆ అయిదుగురిలో ఒక కళ్ళజోడు పాప ఉండేది. నెల్లూరులో పేరున్న ప్లీడరుగారి కూతురు, ఇంట్లో ఇద్దరు వంటవాళ్ళట. ఒకరోజు మెల్లగా నా దగ్గరకొచ్చి, "అక్కా, అన్నం ఉడికిందని ఎట్టా తెలుస్తాది? ఎవురికీ చెప్పొద్దు, నేను అడిగినట్టు," అంది. ఆ పిల్ల అప్పటికే ఒకసారి ఆ చదువులో తప్పింది. చేతిలో ఎప్పుడూ గీతల కాగితం, గుండెలో ఎప్పుడూ భయం.

ఇక అసలు మనిషి మా పెద్దమ్మ. మా అమ్మకు సొంత అక్క. కృష్ణపట్నం పక్కన ఏటి ఒడ్డు పల్లెలో ఒక్కతే ఉంటూ, ఎండుచేపలు తట్టలో పెట్టుకుని ఊరూరా అమ్మేది. పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోతే ఆసుపత్రిలో చేర్చాను. మూడు నెలలకు కర్ర పట్టుకుని నడిచేంత కాలు వచ్చింది. కుడిచెయ్యి మాత్రం రాలేదు, గుడ్డపేలికలా వేలాడేది. ఆమెకు ఒకటే పాట. "నా పొయ్యి కాడికి నన్ను పంపించండి. ఈడ మీ అన్నం తినీ తినీ నోరు చచ్చిపోయింది." (ఆ అన్నం వండేది నేనే. ఆ సంగతి ఆమెకు తెలుసు.)

పెద్దమ్మను ఇంటికి పంపాలంటే వంట పరీక్ష కావాలన్నారు. ఆ రోజు టీచరమ్మ మద్రాసు పోయింది. పరీక్ష పెట్టే పని కళ్ళజోడు పాప వంతుకు వచ్చింది. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. పాప, "పెద్దమ్మా, టీ కాచి చూపించు," అంది. పెద్దమ్మ గట్టు చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. పక్కనున్న స్టూలు లాక్కుంది. ఎడమచేత్తో కిటికీ ఊచ పట్టుకుంది. మంచి కాలు స్టూలు మీద వేసింది. చూస్తుండగానే సాయిబన్న చిత్రిక పట్టిన గట్టెక్కి, పొయ్యి పక్కన కాలు చాపుకుని కూర్చుంది.

"ఏంది పెద్దమ్మా ఇది, దిగు, కింద నిలబడి చెయ్యాల."

"నిలబడి వండేదానికి నేనేమన్నా పెండ్లి వంటోడినా పాపా? పొయ్యి పైనుంటే నేనూ పైనే గదా ఉండాల."

నేను నవ్వుకుంటూ పనిలోకి పోయాను. సాయంత్రం కళ్ళజోడు పాప ఒక కాగితం మడిచి నా చేతికిచ్చి ఆఫీసులో ఇవ్వమంది. బయట తుంపర పడుతోంది. తడుస్తుందేమోనని ఆ కాగితాన్ని కొంగులో చుట్టి, రొమ్ముకు హత్తుకుని మరీ పట్టుకుపోయి ఇచ్చాను. ఇచ్చి గుమాస్తాగారికి నమస్కారం కూడా పెట్టాను. ఆ కాగితంలో ఏముందో నాకు వారం తర్వాత తెలిసింది. పెద్దమ్మ వంట చేసుకోలేదు, ఒంటరిగా ఉంటే ప్రమాదం, మతి నిలకడ లేదు అని ఉంది. ఇంటికి పంపేది లేదు, శనివారం పోయే వ్యానులో మద్రాసు దగ్గర దిక్కులేని ఆడవాళ్ళ ఆశ్రమానికి పంపుతారు. అక్షరం రాని మనిషి చేతికి ఏ కాగితమైనా ఒకటేనని ఆ రోజు నాకు బాగా తెలిసొచ్చింది. మా పెద్దమ్మ పొయ్యిని ఆర్పే కాగితాన్ని నేనే తడవకుండా మోసుకుపోయాను.

నేను చూసుకుంటానని చెప్పడానికి నాకూ గతి లేదు. నేను ఉండేది ఆసుపత్రి వంటశాల వెనక ఒక చిన్న కొట్టుగదిలో. పెద్దమ్మేమో ఆశ్రమం మాట ఎత్తితే గోడవైపు తిరిగి పడుకునేది. రెండు రోజులు అన్నం ముట్టలేదు.

టీచరమ్మ తిరిగి వచ్చింది. పిల్లలకు ఒకరి నటన ఒకరికి తెలిసిపోయిందనీ, నిజంగా వంట చేసే మనిషెవరైనా రోగిగా ఉంటే బాగుంటుందనీ వరండాలో అంటుంటే విన్నాను. "నేనుంటా టీచరమ్మా," అన్నాను. నా లెక్క నాకుంది. మా పెద్దమ్మ ఎలా వండుకుంటుందో నేనే ఒంటిచేత్తో వండి చూపిస్తే ఆ కాగితం తప్పని తేలుతుంది. "కానీ ఒకటి. నేను కింద కూర్చొని వండతా. ఆ గట్టు మీద నా వల్ల కాదు," అన్నాను. టీచరమ్మ గట్టు వంక చూసింది, నా వంక చూసింది. "సరే, అదీ చూద్దాం," అంది. తర్వాత నన్ను పక్కకు పిలిచి రహస్యంగా చెప్పింది: కుడిచెయ్యి చచ్చినట్టు ఉండాలి, ఉప్పు వెయ్యడం మరిచిపోవాలి, కొంగు మంటకు దగ్గరగా వదిలెయ్యాలి. ఈ తప్పులు పిల్లలు పట్టుకుంటారో లేదో చూడాలి.

అలా ఆ గురువారం వచ్చింది. మూడు రాళ్ళ పొయ్యి, కట్టెలు, రెండు మట్టికుండలు, కత్తిపీట, నాలుగు వంకాయలు, గుప్పెడు ఎండు నెత్తళ్ళ చేపలు, చింతపండు. అయిదుగురు పిల్లలు కాగితాలు పట్టుకుని చుట్టూ నిలబడ్డారు. సాయిబన్న తన గట్టుకు నిప్పు తగలకుండా కాపలా ఉంటానని గుమ్మంలో చేతులు కట్టుకు నిలబడ్డాడు. పెద్దమ్మను నేనే నడిపించుకొచ్చి ద్వారబంధానికి ఆనించి కూర్చోబెట్టాను.

కత్తిపీటను కాలితో తొక్కిపట్టి ఎడమచేత్తో వంకాయను దాని మీదకు నెడుతుంటే ముక్కలు చకచకా తెగాయి. ఒక పిల్ల కాగితం తిరగేసి, "టీచరమ్మా, చాకు పట్టుకోగలదా అని ఉంది. చాకే లేదు గదా, ఏం రాయాల?" అని అడిగింది. టీచరమ్మ, "చూసింది రాయి," అంది. మేకుల పలక మూల నుంచి అదే పనిగా నన్ను చూస్తోంది.

పులుసు పొయ్యి మీదకెక్కింది. ఉప్పు మరిచిపోవాల్సిన చోటుకు వచ్చాను. ఉప్పు పిడత పక్కనే ఉంది. పదిమంది నా వంట చూస్తున్నారు, ఉప్పు లేని పులుసు నేను దించితే రేపు వార్డులో ఏమనుకుంటారు? నలభై మందికి ఉప్పు పోసిన చెయ్యి నాది. వేసేశాను. టీచరమ్మ నా వంక ఉరిమి చూసింది. తర్వాత కొంగు మంట దగ్గర వదలాలి. వదిలాను. వదిలిన కొంగు దానంతటదే నడుములో దోపుకుంది. పిల్లలు అయిదుగురూ అన్నీ బాగున్నాయని రాసుకుంటున్నారు. పులుసు దింపి ఎక్కించిన అన్నం కుండ ఇంతలో పొంగింది. పొంగే కుండను చూస్తూ కూర్చోవడం ఏ ఆడదాని వల్లా కాదు. నా చచ్చిన కుడిచెయ్యి లేచి మూత తీసేసింది.

"ఒసే, నీ పక్షవాతం నయమైపోయిందే," అంది పెద్దమ్మ గుమ్మంలోంచి.

"నేను ఇన్నేళ్ళుగా ఊతకర్రలు చేస్తావుండా, ఇంత తొందరగా లేచిన చెయ్యిని చూడలా," అన్నాడు సాయిబన్న.

పిల్లలంతా విరగబడి నవ్వారు. టీచరమ్మ మాత్రం నవ్వకుండా తువ్వాలు తెచ్చి నా కుడిచేతిని నడుముకు బిగించి కట్టేసింది. అప్పుడు మొదలైంది అసలు పరీక్ష. అన్నం ఉడికింది, గంజి వార్చాలి. నలభై మంది డేగిసాను వార్చిన మనిషిని నేను. చిన్న కుండ నాకో లెక్కా అనుకున్నాను. ఎడమచేత్తో మూత నొక్కితే కుండ వంగదు, కుండ వంచితే మూత నిలవదు. మోకాలు ఆనించాను, మోకాలు కాలింది. పళ్ళతో మసిగుడ్డ పట్టుకున్నాను, గంజి ఆవిరి మొహాన కొట్టింది. ఆఖరికి మూత జారింది. సగం అన్నం బూడిదలో పడింది.

ఎవరూ నవ్వలేదు. అయిదు పెన్సిళ్ళు ఒకేసారి గీసిన చప్పుడు వినబడింది. నాకు చదువు రాకపోయినా ఆ గీత ఏమిటో తెలిసింది. ఒంటిచేతి మనిషి వంట చేసుకోలేదు. పెద్దమ్మను గట్టెక్కిద్దామని వచ్చి, శనివారం వ్యానులో నేనే ఆమెకు చోటు పట్టి పెట్టాను. ఆ బూడిదలో మెతుకులు చూస్తూ తల ఎత్తలేకపోయాను.

కర్ర చప్పుడైంది. "జరగవే," అంది పెద్దమ్మ. మెల్లగా చతికిలబడి, పడిపోయిన కాలు ఒక పక్కకు చాపింది. "నలభై మందికి వండేదానివి. వార్చేది తప్ప ఇంకేం తెలవదా నీకు? ఒంటిచేత్తో వార్చేదెందుకు? అత్తెసరు పెట్టుకుంటే పోలా?"

అత్తెసరంటే తెలియని వాళ్ళెవరున్నారు? సరిపడా నీళ్ళు పోసి, వార్చే పని లేకుండా ఇగరబెట్టే అన్నం. పసిపిల్లకు తెలుసు. నాకూ తెలుసు. కానీ వార్చడంలో నాకున్న గర్వం దాన్ని గుర్తుకు రానివ్వలేదు.

సాయం చెయ్యబోతే పెద్దమ్మ నా చెయ్యి తోసేసింది. బియ్యం ఎడమచేత్తోనే కడిగింది. నీళ్ళు పోసి, బియ్యం మీద మధ్యవేలు నిలబెట్టి చూసింది, ఇంకొంచెం పోసింది. పొయ్యి ఆరిపోయి ఉంటే అగ్గిపెట్టెను మంచి కాలి వేళ్ళ సందున పట్టి పుల్ల గీసి వెలిగించింది. కుతకుత మొదలవగానే కట్టెలు బయటకు లాగి, నిప్పులు మాత్రం ఉంచి, మూత పెట్టి, చేతులు దులుపుకున్నట్టుగా ఆ ఒక్క చేతినీ తొడకు తుడుచుకుంది. "ఇంగ గమ్మునుండండి," అంది.

కళ్ళజోడు పాప కాగితం కింద పెట్టి, పెద్దమ్మ ఎదురుగా గొంతుక్కూర్చుంది. "నీళ్ళు సరిపోయినాయని ఎట్టా తెలిసింది పెద్దమ్మా?"

"ఏలికి తెలుసు పాపా. నీ ఏలికీ తెలుస్తాది. రేపు ముంచి చూడు."

మూత తీస్తే మెతుకు మెతుకు విడివిడిగా ఉంది. టీచరమ్మ దగ్గరకొచ్చి చాలాసేపు ఆ కుండలోకే చూసింది. (కూర చూడకూడదన్న మనిషి.) తర్వాత పాపను అడిగింది, "పోయిన వారం ఈమె గురించి ఏం రాసినావు?"

"ఎక్కడ కూర్చోవాలో తెలియదని. మతి నిలకడ లేదని." పాప కళ్ళజోడు సర్దుకుంది. "గట్టు ఎక్కి కూర్చున్నది టీచరమ్మా, అందుకని."

"ఎవరైనా ఎక్కించినారా?"

"లేదు. ఆమే ఎక్కింది."

"ఒక కాలూ ఒక చెయ్యీ పడిపోయిన మనిషి నడుమెత్తు గట్టు తానే ఎక్కి కూర్చుంటే, పనికిరాదని రాసినావా?" అని అడిగి, "తప్పు నీ ఒక్కదానిదే కాదు. ఆ గట్టు కట్టించింది నేను," అంది టీచరమ్మ.

పాప పాత కాగితం తెచ్చి చింపబోతే టీచరమ్మ ఆపింది. "చింపొద్దు. పక్కన ఇంకొకటి రాయి. రెండూ ఉండాలి." పాప కళ్ళజోడు తుడుచుకుని అక్కడే నేల మీద కూర్చుని రాసింది. నేను అడిగితే ప్రతి మాటా చదివి వినిపించింది. చివరి మాట 'ఇంటికి పంపవచ్చు' అని. ఇంకోసారి చదవమన్నాను. చదివింది.

టీచరమ్మ సాయిబన్నను పిలిచి గట్టు కాళ్ళు కోసెయ్యమంది. "వారం చేసినాను టీచరమ్మా," అన్నాడు పాపం. ఆ గట్టు నేల మీదకు దిగింది. తర్వాత వచ్చిన పిల్లలంతా పీట వేసుకుని కూర్చునే నేర్చుకున్నారు. మేకుల పలక మాత్రం నేను తీసుకున్నాను, ఎండుచేపలు ఆరేసుకోవడానికి బాగా పనికొచ్చింది.

శనివారం వ్యాను పెద్దమ్మ లేకుండా పోయింది. ఆమె అంతకు ముందురోజే ఎద్దులబండిలో పల్లెకు పోయింది. ఆ పొయ్యి ఎలా ఉంటుందో చూడాలని కళ్ళజోడు పాప కూడా బండెక్కింది. ఆ పొయ్యి మీద పెద్దమ్మ ఇంకా చాలా ఏళ్ళు అత్తెసరు పెట్టుకుంది. నేను ఎప్పుడు పోయినా, "వార్చేవాళ్ళు వచ్చినారు, కూర్చోబెట్టండి," అని ఎకసెక్కం ఆడేది. పాప ఆసుపత్రిలో ఉన్న మిగతా రోజులు నా దగ్గర పొయ్యి రాజేయడం నేర్చుకుంది. బదులుగా బూడిద పరిచి, పుల్లతో నాకు అక్షరాలు దిద్దించింది. అ నుంచి కాదు, నాకు కావాల్సినవి ముందు. 'ఇంటికి పంపవచ్చు.' అన్నీ రావడానికి నాకు ముప్పై దాటింది. అయినా అప్పటి నుంచి ఏ కాగితాన్నీ ఏముందో తెలుసుకోకుండా కొంగులో చుట్టలేదు.

ఈమధ్య నా చెయ్యి కూడా వణుకుతోంది. పోయిన నెల ఆసుపత్రి నుంచి ఒక పడుచు పిల్ల ఇంటికొచ్చి, ఫోనులో ఏవో నొక్కుతూ, "అమ్మమ్మా, మీరు వంట చేసుకోగలరా? చేసి చూపిస్తారా?" అని అడిగింది. మా కోడలి వంటింట్లో గట్టు నడుమెత్తుంది. ఎక్కి కూర్చుందామా అని ఒక్క క్షణం నిజంగానే అనిపించింది. ఎక్కలేదు. కరెంటు కుక్కర్లో బియ్యం పోసి, నీళ్ళు పోసి, మధ్యవేలు ముంచాను. కుక్కరంటే ఏముంది, అత్తెసరే కదా. గిన్నె పక్కన గీతలున్నాయి, నీళ్ళు ఎంతవరకో చూసుకోమని ఆ పిల్ల చెప్పింది. ఇప్పుడు నాకు ఆ అంకెలు చదవడం వచ్చు. చదవలేదు. వేలికే వదిలేశాను, నాలో నేనే నవ్వుకున్నాను.

ఆ గురువారం పగలు పదకొండు గంటలకు ఉత్తుత్తి వంటింట్లో ఉన్నవాళ్ళు: మద్రాసు టీచరమ్మ, కళ్ళజోడు పాప, ఉర్లగడ్డ వెనక పరుగెత్తిన పొడుగమ్మాయి, చాకు గురించి అడిగిన పిల్ల, ఎప్పుడూ మాట్లాడని తడ ఊరి పిల్ల, దాని పక్కనే ఉండి దాని మాటలు కూడా తనే మాట్లాడే పిల్ల, గుమ్మంలో సాయిబన్న, ద్వారబంధానికి ఆనుకుని మా పెద్దమ్మ, కుడిచెయ్యి పడిపోయినట్టు వేలాడేసుకుని నేను.